సెటప్ ఫైలు దాకా వచ్చిన తెలుగు

కోడు రాసినవాడికున్న గౌరవం దాన్ని ఇన్‌స్టాలర్‌గా మూటగట్టేవాడికి ఉండదు. మన టీముల్లో ఆ పని కొత్తగా చేరిన కుర్రాడి నెత్తిన పడుతుంది. కానీ కంప్యూటర్లో తెలుగు చరిత్ర చూస్తే మాత్రం ఆ మూటే ముఖ్యమనిపిస్తుంది నాకు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ వచ్చాయి. వచ్చాయన్న మాటే గానీ, కంట్రోల్ ప్యానెల్లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ గడిలో టిక్కు పెట్టాలి, పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. మాది జైపూర్. గోదావరి దాటి ఖనికి పోయి నెట్ సెంటర్లో కూర్చుంటే ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. తెరనిండా డబ్బాలే!

సరే, సీడీ దొరికిందనుకుందాం. ఇన్‌స్క్రిప్ట్ నచ్చనివాళ్ళ సంగతేంటి? విండోస్‌లో కీబోర్డు లేఅవుట్ అంటే ఓ చిన్న డీఎల్ఎల్. దాన్ని చేయాలంటే డ్రైవర్ కిట్ దించుకుని సీ భాషలో పట్టికలు రాయాలి. ఏ మీట మీద ఏ అక్షరం ఉండాలో బాగా తెలిసిన తెలుగు మాష్టారికి అది అయ్యే పనేనా?

మైక్రోసాఫ్ట్‌లో మైకేల్ కప్లాన్ చేసిన కీబోర్డ్ లేఅవుట్ క్రియేటర్ ఈ ముడి విప్పింది. తెర మీద కీబోర్డు బొమ్మ ఉంటుంది. మీట నొక్కి అక్షరం పెట్టడమే. చివర్లో ప్రాజెక్ట్ మెనూలో ఒక్క క్లిక్కు. డీఎల్ఎల్, దాన్ని ఎక్కించే ఎంఎస్ఐలు, సెటప్ ఫైలు అన్నీ తయారు. 2007లో వచ్చిన 1.4 వెర్షన్ విస్టానీ 64 బిట్‌నీ కూడా చూసుకుంది. కోడు రాయనివాళ్ళ చేతికి ఇంతకన్నా మంచి పనిముట్టు మైక్రోసాఫ్ట్ అరుదుగా ఇచ్చిందంటాను.

అయితే దానికో హద్దుంది. ఒక మీట మీద నాలుగు యూనికోడ్ యూనిట్లే పడతాయి. ‘క్ష’కి మూడు, ‘శ్రీ’కి సరిగ్గా నాలుగు. ‘స్త్రీ’కి ఆరు కావాలి, కాబట్టి ఒక్క మీటలో రాదు! (శ్రీవారికి చోటుంది, స్త్రీకి లేదు. కప్లాన్ తప్పు కాదులెండి.)

ఇంకా పెద్ద చిక్కు ఆర్టీఎస్‌తో. కె కొడితే ‘క్’, వెంటనే ఏ కొడితే ఆ పొల్లు చెరిగిపోయి ‘క’ అవ్వాలి. ఈ పనిముట్టుతో చేసిన లేఅవుట్ అక్షరాన్ని చేర్చగలదేగానీ, ముందు కొట్టినదాన్ని వెనక్కెళ్ళి చెరపలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే మనలాంటివాళ్ళం అందుకే బరహా వైపు పోయాం. నాగార్జున వెన్న ‘పద్మ’ ఆధారంగా వీవెన్ చేసిన లేఖిని వచ్చాక అదీ అక్కర్లేకపోయింది. బ్రౌజర్ తెరిస్తే చాలు. ఆఫీసు మెషీన్ మీద అడ్మిన్ హక్కుల్లేని మనకి అది ఎంత సుఖమో చెప్పక్కర్లేదు. ఎంఎస్ఐ ఎంత అందంగా తయారైనా హక్కుల్లేనిదే ఎక్కదు కదా.

కప్లాన్ 2015లో చనిపోయాడు. ఆయన పనిముట్టు సేవ్ చేసే ఫైలు ఉత్త టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. ఏ మీటకి ఏ అక్షరమో వరసగా రాసి ఉంటుంది. మీరు అప్పట్లో చేసుకున్న లేఅవుట్ ఏదైనా పాత హార్డ్‌డిస్కులో పడి ఉంటే పారేయకండి, మళ్ళీ బిల్డ్ చేసుకోవచ్చు.