పాలు లేని క్యారమెల్: పాకము చెప్పు చరిత్ర

సంక్రాంతి దగ్గర పడునప్పటికి బిచ్కుంద వంటి ఊళ్ళలో పొయ్యి మీద బెల్లపు పాకము పొంగుచుండును. ఇల్లాలు గరిటెతో కొంచెము పాకము తీసి, గిన్నెలోని చన్నీళ్ళలో ఒక చుక్క వేయును. దానిని వేళ్ళతో నొక్కి చూచి, ఇంకను కాగవలెననియో, వెంటనే దించవలెననియో తీర్పు చెప్పును. ఆమె వద్ద థర్మామీటరు లేదు, గడియారము లేదు. అయినను ఆ తీర్పు తప్పుట అరుదు. తరువాత వేయించిన నువ్వులో, పల్లీలో ఆ పాకములో కలిపి ఉండలు కట్టుదురు. లేదా నూనె రాసిన పళ్ళెములో పరచి పట్టీలుగా కోయుదురు.

ఈ తినుబండారములలో పాల చుక్క లేదు. నేడు పెద్ద పట్టణముల దుకాణములలో "పాలు లేని క్యారమెల్" అను మిఠాయిని ఒక క్రొత్త వస్తువు వలె అమ్ముచున్నారు. పాలు సరిపడనివారికి అది ఉపకారమే. కాని క్యారమెల్ చరిత్రను తెలిసికొన్నచో విషయము వేరుగా కనబడును. పాలు లేని క్యారమెలే మొదటిది. పాలు దానిలో చేరుట ఇటీవలి సంగతి. అది ఎట్లో చూతము.

చెరకు రసము నుండి కలకండ వరకు

చెరకు రసమును కాచి గట్టిపరచుట మన దేశములో మిక్కిలి ప్రాచీనమైన విద్య. క్రీ. పూ. 4వ శతాబ్దిలో అలెగ్జాండరుతో వచ్చిన నియర్కస్ అను సేనాని, తేనెటీగలు లేకయే తేనెనిచ్చు రెల్లు ఈ దేశములో ఉన్నదని చెప్పినట్లు గ్రీకు భూగోళ శాస్త్రకారుడు స్ట్రాబో వ్రాసినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను ఐదు పేర్లు వరుసగా కలవు. ఫాణితము చిక్కబడిన రసము. గుడము మన బెల్లము. తక్కినవి ఇంకను శుద్ధి పొందిన చక్కెరలు. ఒకే రసము ఎంత కాగినదో, ఎంత శుద్ధమైనదో గమనించి, ఒక్కొక్క దశకు ఒక్కొక్క పేరు పెట్టినారన్నమాట.

ఈ విద్య పొరుగు దేశములకు ప్రాకినది. క్రీ. శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌త్సుంగ్, చక్కెర చేయు విధానమును నేర్చుకొని రమ్మని మగధకు మనుష్యులను పంపినాడు. వస్తువుతో పాటు మాటలు కూడ ప్రయాణము చేసినవి. శర్కర అను మాటకు ఇసుక, చిన్న గులకరాయి అని అర్థము. అదియే పారశీకములో శకర్, అరబ్బీలో సుక్కర్, ఇంగ్లీషులో షుగర్ అయినది, తెలుగులో చక్కెర. ఖండము అను మాట మన కలకండలో నిలిచియున్నది. ఐరోపాకు పోయి క్యాండీ అయినది.

పాలు ఎప్పుడు చేరినవి?

క్యారమెల్ అను మాట స్పానిష్, పోర్చుగీసు భాషల నుండి ఫ్రెంచికి, ఫ్రెంచి నుండి ఇంగ్లీషుకు వచ్చినది. మొదట దాని అర్థము మాడిన చక్కెర మాత్రమే. 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పెలిగో చక్కెరల స్వభావమును పరిశోధించుచు క్యారమెలును కూడ పరీక్షించినాడు. అతని దృష్టిలో అది వేడికి నీటిని కోల్పోయి, రంగు మారిన చక్కెర. దానిలో పాల ప్రసక్తియే లేదు.

పాలు, వెన్న కలిపిన మెత్తని క్యారమెల్ బిళ్ళలు వ్యాప్తికి వచ్చినది 19వ శతాబ్దిలో. అమెరికాలో మిల్టన్ హెర్షీ 1886లో లంకాస్టర్ పట్టణములో ఒక క్యారమెల్ సంస్థను స్థాపించి, తాజా పాలతో చేసిన క్యారమెలును విరివిగా అమ్మినాడు. 1900లో ఆ సంస్థను 10 లక్షల డాలర్లకు అమ్మివేసి, చాకొలెట్ పరిశ్రమ వైపు మరలినాడు. ఇటువంటి కర్మాగారముల వలన లోకమునకు పరిచయమైనది పాల క్యారమెల్. అందుచేత పాలు లేనిదే క్యారమెల్ లేదను భావము జనులలో స్థిరపడినది.

ఈ భావము వలన నష్టపడువారు చాలమంది కలరు. పాలలోని లాక్టోజ్ అను చక్కెరను జీర్ణము చేయుటకు మన ప్రేగులలో లాక్టేజ్ అను ఎంజైము కావలెను. ప్రపంచ జనాభాలో సుమారు మూడింట రెండు వంతుల మందికి బాల్యము దాటిన పిమ్మట ఈ ఎంజైము తగ్గిపోవును. ఇది గాక, పాలలోని మాంసకృత్తులే సరిపడని పిల్లలు కొందరు ఉన్నారు. తోటి పిల్లలు మిఠాయి పంచుకొనునప్పుడు వీరు చేయి వెనుకకు తీసికొనవలసి వచ్చుచున్నది.

పాకములో జరుగునది

చక్కెరలో ముఖ్య పదార్థము సుక్రోజ్. దీని ఒక్కొక్క అణువులో 12 కర్బన పరమాణువులు, 22 ఉదజని పరమాణువులు, 11 ఆమ్లజని పరమాణువులు ఉండును. నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరుగును గదా! నీటిలో చక్కెర కరగియున్నచో అంతకంటె ఎక్కువ వేడి మీద గాని అది మరగదు. కాగినకొలది నీరు ఆవిరియై పోవును, చక్కెర పాలు హెచ్చును, మరుగు ఉష్ణోగ్రత పైకి పోవును. కాబట్టి పాకము ఎంత వేడిగా మరుగుచున్నదో తెలిసినచో దానిలో ఎంత నీరు మిగిలినదో తెలియును.

చన్నీళ్ళలో వేసిన చుక్క చెప్పునది ఇదియే. చుక్క మెత్తని ఉండగా నిలిచినపుడు పాకము సుమారు 112 నుండి 116 డిగ్రీల మధ్య ఉండును; దానిలో చక్కెర 85 శాతము ఉండును. కొంచెము గట్టి ఉండ అయినపుడు వేడి 118 నుండి 120 డిగ్రీలు. చుక్క గాజు వలె పెళుసై, విరిచినపుడు టక్కుమనినచో 150 డిగ్రీలకు దగ్గర పడినదని అర్థము. అప్పుడు నీరు ఇంచుమించు ఒక్క శాతమే మిగులును. లేతపాకము, ఉండపాకము, ముదురుపాకము అని మన వంటింటిలో పెట్టుకొన్న పేర్లు ఈ ఉష్ణోగ్రతలకు గుర్తులే.

సుమారు 160 డిగ్రీలు దాటిన తరువాత సుక్రోజ్ అణువులు విచ్ఛిన్నమగుట మొదలిడును. అవి నీటిని కోల్పోయి, మరల ఒకదానితో ఒకటి కలిసి, గోధుమరంగు గల పెద్ద అణువులుగా మారును. కమ్మని వాసనలు పుట్టును. క్యారమెల్ అనగా ఇదియే. ఫ్రక్టోజ్ అను చక్కెర సుమారు 110 డిగ్రీలకే ఈ మార్పు పొందును. బెల్లములో సుక్రోజుతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడ ఉండుటచే తెల్ల చక్కెర కంటె బెల్లపు పాకము త్వరగా రంగు తిరుగును, త్వరగా మాడును.

మరి పాలు చేయు పని ఏమి? పాలలోని మాంసకృత్తులు కొన్ని చక్కెరలతో కలిసి వేరొక విధముగా గోధుమరంగును, రుచిని పుట్టించును. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయ్యార్ వివరించినాడు. పాలలోని క్రొవ్వు మిఠాయికి మెత్తదనమునిచ్చును. ఈ రెండు పనులును పాలే చేయవలెనను నియమము ప్రకృతిలో లేదు. మాంసకృత్తులు, క్రొవ్వు ఉన్న కొబ్బరి, పల్లీ, నువ్వు, సోయా గింజలు కూడ చేయగలవు. పల్లీపట్టీ నమలినపుడు నోటికి తగులు కమ్మదనములో ఈ రెండును ఉన్నవి.

మంజీర ప్రాంతములో చక్కెర

బిచ్కుంద నేలలు నల్లరేగడి నేలలు. మంజీర దాటి తూర్పునకు పోయినచో బాన్సువాడ, ఈశాన్యమునకు పోయినచో బోధన్. మంజీర నదిపై నిజాంసాగర్ ఆనకట్ట పనులు 1923లో ప్రారంభమై 1931లో ముగిసినవి. ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యమున కట్టిన ఈ జలాశయపు నీరు కాలువ ద్వారా బాన్సువాడ, బోధన్ ప్రాంతములకు చేరగా వరితో పాటు చెరకు పైరు విస్తరించినది. 1937లో ఏడవ నిజాము కాలమున బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఏర్పడిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు వచ్చినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లులలో ఒకటిగా దానిని చెప్పుకొనెడివారు.

ఇక్కడ ఒక విచిత్రము గమనింపదగినది. ఇంటి పొయ్యి కోరునది క్యారమెల్. చక్కెర మిల్లు తప్పించుకొనునది క్యారమెల్. మిల్లులో రంగు తిరిగిన ప్రతి గ్రాము చక్కెర నష్టమే. అందుచేత చెరకు రసమును మూసిన పాత్రలలో ఉంచి, గాలి ఒత్తిడి తగ్గించి, తక్కువ వేడి మీద మరిగింతురు. 19వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ చార్లెస్ హోవర్డ్ కనిపెట్టిన ఈ పద్ధతియే తెల్లని స్ఫటికముల రహస్యము. రైతు బెల్లపు బానలో రసము బహిరంగముగా 118 డిగ్రీల ప్రాంతము వరకు కాగును. బెల్లపు రంగులో కొంత భాగము అక్కడ పుట్టినదే. అనగా బెల్లము కొన్నప్పుడే కొంత క్యారమెల్ మన చేతికి వచ్చుచున్నది.

బోధను మిల్లు చరిత్ర సుఖాంతము కాలేదు. 2002లో దానిలో 51 శాతము వాటా ప్రైవేటువారి చేతికి పోయినది. 2015 డిసెంబరు 23న బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి యూనిట్లు మూతపడినవి. 78 సంవత్సరములు కూత కూసిన సైరను ఆగినది. కార్మికులు జీవనాధారము కోల్పోయినారు. చెరకు వేసిన రైతులు వేరు మిల్లులను, వేరు పైరులను వెదకుకొన్నారు. దానిని తిరిగి తెరిపించుటకు ప్రయత్నములు ఆ తరువాత సాగినవి. 2016లో జిల్లాలు మారి, నిజామాబాదు జిల్లాలోని బిచ్కుంద, బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోనికి వచ్చినవి. బోధన్ పాత జిల్లాలోనే ఉండిపోయినది.

ఇంటిలో చేయు విధము

ఇక పాలు లేని మెత్తని క్యారమెల్ చేయు విధము చెప్పుదుము. బెల్లము 200 గ్రాములు, చిక్కని కొబ్బరిపాలు 200 మిల్లీలీటర్లు, చిటికెడు ఉప్పు కావలెను. బెల్లమును కొద్ది నీటిలో కరిగించి, ఇసుక, నలకలు పోవునట్లు గుడ్డలో వడకట్టవలెను. మందపాటి గిన్నెలో తీగపాకము వచ్చువరకు కాచవలెను. తరువాత గోరువెచ్చని కొబ్బరిపాలను కొంచెము కొంచెముగా పోయవలెను. ఒక్కసారిగా పోసినచో పాకము పొంగి పైకి చిందును. అటుపిమ్మట సన్నని మంట మీద విడువక కలుపుచుండవలెను. మంట హెచ్చినచో కొబ్బరినూనె వేరుపడిపోవును. చన్నీళ్ళలో చుక్క కొంచెము గట్టి ఉండ అయినపుడు ఉప్పు కలిపి, నూనె రాసిన పళ్ళెములో పోసి, చల్లారిన తరువాత ముక్కలు కోయవలెను.

ఆవుపాలకు బదులు కొబ్బరిపాలు వాడుటలో ఇంకొక మేలు ఉన్నది. కాగుచున్న పాలలో బెల్లము వేసినచో పాలు విరుగునని ప్రతి ఇల్లాలికిని తెలియును. బెల్లములోని స్వల్పమైన ఆమ్లగుణమే దీనికి కారణము. అందుకే పాయసము దించి, చల్లార్చి బెల్లము కలుపుదురు. కొబ్బరిపాలు ఆపాటి ఆమ్లమునకు విరగవు. కొబ్బరి ప్రియమైనచోట సోయా పాలను వాడవచ్చును. సోయా బిచ్కుంద ప్రాంతపు నల్లరేగడిలో పండు పంటయే. సోయా పాలలో క్రొవ్వు తక్కువ గనుక రెండు చెంచాల నువ్వులనూనె చేర్చవలెను. సోయా, పల్లీ, నువ్వులు సరిపడనివారు కూడ ఉందురు గనుక పంచిపెట్టుటకు ముందు విచారించుట మంచిది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. కాని పాకము మరుగు నీటి కంటె వేడియైనది. చర్మమునకు అంటుకొని ఊడదు. పిల్లలను ఒంటరిగా చేయనీయరాదు. పాఠశాలలలో సాధారణముగా ఉండు 110 డిగ్రీల థర్మామీటరు పాకములో పగిలిపోవును. 200 డిగ్రీలకు పైబడి గుర్తులున్నది కావలెను. ప్రయోగశాల థర్మామీటరు ముంచిన పాకమును తినరాదు. తినుటకు వేరుగా చేసికొనవలెను.

విద్యార్థులు ఇంటిలో పెద్దవారిని పిలిచి, వారు చన్నీటి చుక్కను చూచి ఉండపాకము అన్న క్షణమున థర్మామీటరు ఎంత చూపుచున్నదో వ్రాసికొనవలెను. మూడు నాలుగు ఇండ్లలో ఇట్లు చేసి, అంకెలను పోల్చి చూడవలెను. బోధను మిల్లులో రసాయనికులు పరికరములతో కొలిచిన దానిని ఈ స్త్రీలు వ్రేళ్ళతో కొలుచుచున్నారు. మిల్లు మూతపడినపుడు దాని పరికరములు, దస్తరములు లోపలనే ఉండిపోయినవి. వంటింటి కొలతకు అట్టి దస్తరము కూడ లేదు. పట్టీలు కొట్టులో దొరకుచున్న ఈ రోజులలో దానిని వ్రాసి ఉంచు పని, నోటు పుస్తకము చేతనున్న విద్యార్థిదే.