సిమ్సన్ రేఖ ఎవరిది?

త్రిభుజపు పరివృత్తంపై ఏదైనా ఒక బిందువు నుండి మూడు భుజాలకు, అవసరమైతే వాటిని పొడిగించి, లంబాలు గీసినచో ఆ మూడు లంబపాదాలూ ఒకే సరళరేఖపై ఉంటాయి. ఇదే సిమ్సన్ రేఖ. కాని గ్లాస్గో ఆచార్యుడైన రాబర్ట్ సిమ్సన్ గ్రంథాలలో ఇది కానరాదు. దీనిని 1799లో ప్రకటించినవాడు విలియం వాలెస్ అనే ఉపాధ్యాయుడు. తరువాతివారు పొరపాటున సిమ్సన్‌కు ఆపాదించినారు.

సిమ్సన్ మరణించిన 1768వ సంవత్సరంలోనే వాలెస్ స్కాట్లండులోని డైసర్ట్‌లో జన్మించినాడు. ఎడింబరోలో పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చుకొంటూనే, తీరిక వేళల్లో స్వయంకృషితో గణితం అభ్యసించినాడు. రాబిసన్, ప్లేఫేర్ అనే ఆచార్యులు అతని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించినారు. వాలెస్ 1794లో పెర్త్ అకాడమీలోను, 1803 నుండి ఇంగ్లండులోని రాయల్ మిలిటరీ కాలేజీలోను గణితం బోధించినాడు. 1819లో ఎడింబరో విశ్వవిద్యాలయ గణితాచార్యుడైనాడు.

స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశం లేని ఆ రోజులలో మేరీ సోమర్‌విల్‌కు లేఖల ద్వారా గణితంలో తోడ్పడి, చదువదగిన గ్రంథాలను సూచించినవాడు వాలెసే. ఆమె తరువాత ప్రఖ్యాత విజ్ఞాన రచయిత్రి అయినది.

1838లో అనారోగ్యంచే పదవి విడిచిన వాలెస్ 1843లో మరణించినాడు. నేడు కొన్ని గ్రంథాలు దీనిని వాలెస్–సిమ్సన్ రేఖ అంటున్నవి. నల్లబల్లపై ఆ రేఖ గీసినపుడు వాలెస్ పేరు కూడా చెప్పుట న్యాయం.