పాలమూరు ఎండ, పాత కారు, పెట్రోలు పైపు

చౌటుప్పల్ దాటి సూర్యాపేట దాకా హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద, ఎండాకాలం మిట్ట మధ్యాహ్నం బానెట్ ఎత్తి నిలబెట్టిన అంబాసిడర్లు, ఫియట్లు ఒకప్పుడు ఎవరికీ వింతగా తోచేవి కావు. డ్రైవరు ముందు నీళ్ల కోసం వెతికేవాడు. ఒక గుడ్డ తడిపి ఇంజను పక్కనున్న పెట్రోలు పంపుకు చుట్టి కాసేపు ఆగితే బండి మళ్లీ అందుకునేది. జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు పోయే దారిలోనూ ఇదే అవస్థ. ఎయిర్ లాక్ అయింది అనేవాళ్లు. నిజానికి పెట్రోలు పైపులో చేరింది గాలి కాదు, మరిగి ఆవిరైన పెట్రోలు.

ఎందుకు మరిగేదంటే, ఆ కార్లలో ట్యాంకు వెనక, పంపు ముందు ఇంజనుకు అంటుకుని ఉంటుంది. డయాఫ్రం కదిలినప్పుడల్లా పంపు అంత దూరం నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీల్చే పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే ఆవిరవుతుంది. పైన నల్లగొండ ఎండ, కింద బండరాళ్ల సెగ, పక్కన సైలెన్సర్ గొట్టం వేడి. ఆవిరిని లాగడం ఆ పంపు వల్ల కాదు. కార్బురేటర్ ఖాళీ అవుతుంది, బండి ఆగుతుంది.

స్పోర్ట్స్ కార్లు ఈ మెట్ట ప్రాంతంలో అరుదు. వాటికి దగ్గరి చుట్టం మాత్రం మన రోడ్ల మీద బాగానే తిరిగింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసిన హెరాల్డ్ అది. రెండు తలుపులు, మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలే బానెట్, ఇటలీ డిజైనర్ మికెలొత్తి గీసిన ఒళ్లు. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిచేసి కట్టారు. కాబట్టి హెరాల్డ్ పైపుల గురించి ఏం చెప్పుకున్నా అది చాలావరకు ఆనాటి చిన్న స్పోర్ట్స్ కార్లకూ వర్తిస్తుంది. సన్నటి లోహపు గొట్టం, దాని చివర నట్టు, ఇంజను ఊగే చోట జానెడు రబ్బరు పైపు. అంతే సరంజామా.

అంతకన్నా పాత పద్ధతి చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు రావడానికి కారణమైన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. 1911లో ఆయన కన్నుమూశారు, కారు ఆ తర్వాతే చేరింది. ఆ కాలపు సిల్వర్ ఘోస్టుల్లో పెట్రోలును పీల్చే పంపు ఉండేది కాదు. ట్యాంకులోకి గాలి కొట్టి ఆ ఒత్తిడితో పెట్రోలును ముందుకు తోసేవారు. స్టార్టు చేసే ముందు చేత్తో గాలి కొట్టాలి. అలాంటి బండిలో జాయింటు వదులైతే పెట్రోలు బయటికి కారి కనిపిస్తుంది. అంబాసిడర్‌లో, హెరాల్డ్‌లో అలా కాదు. ట్యాంకుకూ పంపుకూ మధ్య జాయింటు వదులైతే బండి నడుస్తుండగా చుక్క కూడా రాలకపోవచ్చు, లోపలికి గాలి పీలుస్తుంది. యజమాని కార్బురేటర్ విప్పిస్తాడు, ప్లగ్గులు మారుస్తాడు, పంపు మారుస్తాడు. జబ్బు మాత్రం వెనక చక్రం దగ్గర, మట్టి పట్టిన ఒక నట్టులో ఉంటుంది.

ఇప్పుడు ఎండకు తోడు ఇంకో సంగతి వచ్చి చేరింది: పెట్రోలే మారిపోయింది. 2000 సంవత్సరంలో సీసం పోయింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2022కు 10 శాతం, 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం. ఇవాళ బంకులో దొరికేది ఎక్కువగా ఇదే. ఇథనాల్ మనకు కొత్త కూడా కాదు. నిజాం కాలంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పవర్ ఆల్కహాల్ తయారుచేసింది. పెట్రోల్లో దాన్ని కలపడానికి దేశానికంతటికీ 1948లోనే చట్టం వచ్చింది, 2000లో రద్దయింది. పాలమూరు వాళ్లకు ఇథనాల్ అంటే ఇంకో గుర్తు కూడా ఉంది. నారాయణపేట జిల్లా చిత్తనూరు దగ్గరి ఫ్యాక్టరీ మీద నీళ్లు, పొలాలు పాడవుతాయని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చేసిన పోరాటం. అది వేరే వ్యాసం రాయాల్సినంత పెద్ద విషయం. ఇక్కడ మన సంగతి పైపు.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. 1960ల నాటి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, ఆరినప్పుడు పగులగొడుతుంది. ట్యాంకులో ఏళ్ల తరబడి పేరుకున్న జిగురును, తుప్పును కదిలించి ఫిల్టరులోకి తెస్తుంది. నెలల తరబడి షెడ్డులో నిలబడే పాత బండికి ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది.

అందుకే పాత కారున్న ప్రతివాళ్లకూ నేను గట్టిగా చెప్పే మాట: పెయింటు తర్వాత వేయించండి, ముందు పైపులు మార్పించండి. పగిలిన రబ్బరు నుంచి వేడి ఇంజను మీద పడే పెట్రోలు కారునే కాదు, మనుషుల్నీ తగలబెడుతుంది. ఒరిజినల్ పైపే ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది గానీ ఒప్పుకోలేను. తయారైన రోజున కూడా ఆ రబ్బరు కొన్నేళ్లకు మార్చాల్సిన వస్తువే.

మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి చిన్నవి, కానీ అన్నీ అందులోనే ఉన్నాయి. రబ్బరు పైపు కొంటే లోపలి పొర ఫ్లోరో రబ్బరుదా అని అడగాలి. పైన స్టీలు అల్లిక ఉన్న పైపు అందంగా ఉంటుంది, అయితే లోపలి రబ్బరు నాసిరకమైతే ఆ అల్లిక పగుళ్లను దాచిపెడుతుంది. స్క్రూ తిప్పి బిగించే చీలికల క్లిప్పు రబ్బరును కోస్తుంది. అంచులు మడిచిన నున్నటి క్లిప్పు చుట్టూ సమానంగా పడుతుంది. రాగి గొట్టం ఇంజను అదురుకు గట్టిపడి నట్టు మొదట్లో చిట్లుతుంది, అందుకే లారీ మిస్త్రీలు దాన్ని ఒక చుట్టు తిప్పి పెడతారు.

ఇక గొట్టం మూతిని విప్పార్చి నట్టుతో బిగించే జాయింటు. అక్కడ పెట్రోలును ఆపేది నట్టు మర కాదు, లోహం మీద లోహం కూర్చునే ఆ వాలు అంచు. దాని మీద సన్నటి గీత ఉన్నా ఎంత పెద్ద పానా పెట్టి బిగించినా ఆగదు. మర మీద తెల్ల టేపు చుట్టడం అలవాటుగా మారింది. దాంతో లాభం లేకపోగా, తెగిన ముక్క వెళ్లి కార్బురేటర్ జెట్‌లో ఇరుక్కుంటుంది. ఆ మూతిని కోసేసి మళ్లీ విప్పార్చడమే సరైన పని.

ఆవిరి బాధకు కొందరు ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు బిగిస్తున్నారు. మంచి ఉపాయమే, పీల్చే పని తోసే పనిగా మారుతుంది కాబట్టి ఎండలో పెట్రోలు అంత తొందరగా మరగదు. అయితే కార్బురేటర్‌కు రెండు మూడు పౌండ్ల ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ బండి పంపు తెచ్చి పెడితే కార్బురేటర్ పొంగిపొర్లుతుంది. పైగా నిన్నటిదాకా గాలి పీల్చిన వదులు జాయింట్లన్నీ ఇవాళ్టి నుంచి పెట్రోలు కారుస్తాయి. కాబట్టి కొత్త పంపు పెట్టేముందే ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ప్రతి జాయింటూ విప్పి చూడాలి. ప్రమాదం జరిగితే పంపు దానంతటదే ఆగేలా కటాఫ్ స్విచ్చి పెట్టించాలి. మొదటిసారి ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పి తెచ్చాక, బానెట్ ఎత్తి, తెల్ల కాగితంతో ఒక్కో జాయింటునూ తుడిచి తడి తగులుతుందేమో చూడాలి. వారం తర్వాత ఇంకోసారి.