విమానాశ్రయ దారిలో బుద్వేల్: వేగం వచ్చింది.. భద్రత రావాలి

బుద్వేల్: రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ మండలంలోని బుద్వేల్ ఒకప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పొలాలకు, హిమాయత్‌సాగర్ జలాశయానికి చేరువలో ఉన్న పల్లె. 2008 మార్చిలో శంషాబాద్‌లో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి ఈ ప్రాంత రూపురేఖలు మారిపోయాయి. ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే, బాహ్యవలయ రహదారి, విస్తరించిన జాతీయ రహదారి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. అయితే ఇవి ప్రధానంగా నగరం నుంచి విమానాశ్రయానికి త్వరగా చేరుకునేవారిని ఉద్దేశించినవి. దారి పక్కన నివసించేవారు రోడ్డు దాటడానికి, బస్సు ఎక్కడానికి, స్టేషన్‌కు నడిచి వెళ్లడానికి కావలసిన ఏర్పాట్లు ఆ వేగాన్ని అందుకోలేదు. హైకోర్టు కొత్త భవనం, హెచ్‌ఎండీఏ లేఅవుట్, మెట్రో ప్రతిపాదన ఒకేచోట కలుస్తున్న తరుణంలో ఈ లోటును పూడ్చడం అత్యవసరం.

ఊళ్ల మధ్య మహారహదారి

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు) ఆరాంఘర్, గగన్‌పహాడ్, శంషాబాద్ మీదుగా సాగుతుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరు 19న ప్రారంభమైంది. బాహ్యవలయ రహదారిలో గచ్చిబౌలి-శంషాబాద్ భాగం 2008లోనే వాడుకలోకి వచ్చింది. మొత్తం 158 కిలోమీటర్ల వలయం 2018లో పూర్తయింది. జూపార్కు-ఆరాంఘర్ మధ్య నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆరు వరుసల పైవంతెనను 2025 జనవరి 6న ప్రారంభించి, మాజీ ప్రధాని మన్మోహన్‌సింగ్ పేరు పెట్టారు.

వీటివల్ల ప్రయాణ సమయం తగ్గిన మాట వాస్తవం. కానీ ఎక్స్‌ప్రెస్‌వే పైకి ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. బాహ్యవలయ రహదారి ప్రధాన మార్గంలోకి ద్విచక్ర వాహనాలకే కాదు, పాదచారులకూ అనుమతి లేదు. అందువల్ల కూలీలు, విద్యార్థులు, విమానాశ్రయంలో చిన్న ఉద్యోగాలు చేసేవారు వంతెన కింది దారులను, సర్వీసు రోడ్లనే ఆశ్రయించాలి. స్తంభాల మధ్య మిగిలిన ఆ స్థలంలోనే బస్సులు, ఆటోలు, తోపుడుబండ్లు, పాదచారులు సర్దుకోవాలి. పై దారికి ఇచ్చిన శ్రద్ధ కింది దారికీ ఇచ్చినప్పుడే వంతెన ప్రయోజనం సంపూర్ణమవుతుంది.

రోడ్డు దాటడానికి ఎంత సమయం?

ఒక్కో వరుస మూడున్నర మీటర్ల వెడల్పు అనుకుంటే ఆరు వరుసల రహదారి 21 మీటర్లు అవుతుంది. సాధారణ నడక వేగం సెకనుకు 1.2 మీటర్లు. అంటే ఆవలి అంచుకు చేరడానికి 17 సెకన్లకు పైగా పడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ వ్యవధిలో సుమారు 390 మీటర్లు ప్రయాణిస్తుంది. అంత దూరంలోని వాహనం వేగాన్ని కంటితో అంచనా వేసి రోడ్డుపై అడుగు పెట్టడం వృద్ధులకు, పిల్లలకు దాదాపు అసాధ్యం.

మధ్యలో సురక్షితంగా నిలబడే విభాగిని ఉంటే ఒక్కసారికి దాటవలసిన దూరం పదిన్నర మీటర్లకు తగ్గుతుంది. కూడలి వద్ద వాహనాల వేగాన్ని 50 కిలోమీటర్లకు అదుపు చేస్తే, పాదచారికి కావలసిన ఖాళీ సుమారు 120 మీటర్లు చాలు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక వాహనం ఆగే దూరం నాలుగు రెట్లు పెరుగుతుందన్నది మరువరాదు. పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే వీధుల్లో వేగాన్ని 30 కిలోమీటర్లకు పరిమితం చేయాలని 2020లో ప్రపంచ దేశాల మంత్రుల సదస్సు వెలువరించిన స్టాక్‌హోం ప్రకటన సూచించింది. జాతీయ రహదారికి ఈ పరిమితి వర్తింపజేయడం సాధ్యం కాకున్నా, దానిని ఆనుకున్న బుద్వేల్, గగన్‌పహాడ్ వీధులకు, పాఠశాలల దారులకు తప్పక వర్తింపజేయవచ్చు.

ముంగిట రైలు.. చేరే దారి ఏదీ?

బుద్వేల్‌కు ఉన్న పెద్ద వరం రైలు మార్గం. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే మార్గంలో ఫలక్‌నుమా తరువాత శివరాంపల్లి, బుద్వేల్, ఉందానగర్ స్టేషన్లు వస్తాయి. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ సేవలు చాలాకాలం ఫలక్‌నుమా వద్దే ఆగిపోయాయి. రెండోదశలో జంట మార్గం, విద్యుదీకరణ పూర్తయిన అనంతరం 2023 ఏప్రిల్ 8న ఉందానగర్ వరకు పొడిగించిన సేవలను ప్రధాని నరేంద్రమోదీ ప్రారంభించారు. ఉందానగర్ నుంచి విమానాశ్రయానికి సుమారు ఆరు కిలోమీటర్ల రైలు అనుసంధానం రెండోదశ తొలి ప్రణాళికలో ఉన్నా అది కార్యరూపం దాల్చలేదు.

ఆ ఆరు కిలోమీటర్లను బస్సుతో పూరించడం కష్టసాధ్యం కాదు. రైలు వచ్చే వేళకు స్టేషన్ ముందు చిన్న బస్సు సిద్ధంగా ఉంటే, విమానాశ్రయ ఉద్యోగులు తక్కువ ఖర్చుతో గమ్యం చేరగలరు. ఆర్టీసీ 2019లోనే 40 ఎలక్ట్రిక్ బస్సులను విమానాశ్రయ మార్గాల్లో ప్రవేశపెట్టింది. అవి దూరప్రాంత విమాన ప్రయాణికులకు ఉపకరించేవి. స్థానికులకు కావలసినవి స్టేషన్, కాలనీ, కార్యాలయాలను కలిపే చిన్న దూరపు సర్వీసులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ఉచిత ప్రయాణ సదుపాయం కల్పించారు. ఇంటి నుంచి బస్టాపు వరకు దీపాలు, కాలిబాట ఉన్నప్పుడే తెల్లవారుజాము, రాత్రి షిఫ్టుల మహిళలు ఆ సదుపాయాన్ని నిశ్చింతగా వినియోగించుకోగలరు.

మారిన మెట్రో దారి

రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మెట్రోకు 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక ఆ ప్రతిపాదనను పక్కనపెట్టారు. దాని స్థానంలో నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్, కొత్త హైకోర్టు ప్రాంతం మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మార్గాన్ని రూపొందించారు. ఇది సహా మొత్తం 76.4 కిలోమీటర్ల రెండోదశ ప్రతిపాదనలు 2024 నవంబరులో కేంద్రానికి చేరాయి. పాత మార్గంలో పశ్చిమ నగరానికి ప్రాధాన్యం ఉండగా, కొత్త మార్గం పాతబస్తీకి, రాజేంద్రనగర్‌కు మేలు చేసేలా ఉంది. మెట్రో స్టేషన్ స్థలాలు ఖరారు చేసేటప్పుడే బుద్వేల్ రైల్వేస్టేషన్‌కు, బస్టాపులకు నడిచి చేరే దూరాన్ని పరిగణనలోకి తీసుకోవాలి. తరువాత కలపబోతే ఖర్చు పెరుగుతుంది, స్థలం దొరకదు.

భవనాల కంటే ముందు బాటలు

తెలంగాణ హైకోర్టు కొత్త ప్రాంగణానికి రాజేంద్రనగర్‌లో 100 ఎకరాలు కేటాయించారు. 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు. న్యాయవాదులు, సిబ్బందితో పాటు జిల్లాల నుంచి వచ్చే కక్షిదారులు ఇక్కడికి రావలసి ఉంటుంది. వీరిలో అధికులు సొంత కార్లు లేనివారే.

మరోవైపు 2023 ఆగస్టు 10న బుద్వేల్ లేఅవుట్‌లో దాదాపు 100 ఎకరాలను హెచ్‌ఎండీఏ వేలం వేయగా 3,600 కోట్ల రూపాయలకు పైగా సమకూరింది. ఎకరా గరిష్ఠంగా 41.75 కోట్లు పలికింది. భూమికి ఇంత విలువ తెచ్చినది దారుల సౌకర్యమే. ఆ రాబడిలో కొంత భాగాన్ని పాత బుద్వేల్ వీధుల కాలిబాటలకు, కూడళ్లకు వెచ్చించడం న్యాయం. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం కాలిబాటకు కనీసం 1.8 మీటర్ల అడ్డంకులు లేని వెడల్పు ఉండాలి. వాహనాలను కాక మనుషులను గమ్యం చేర్చడమే లక్ష్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమూ చాటింది.

వరద నేర్పిన పాఠం

రవాణా భద్రత అంటే సిగ్నళ్లు, వంతెనలు మాత్రమే కాదు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు గగన్‌పహాడ్ అప్ప చెరువు కట్ట తెగింది. ప్రవాహం జాతీయ రహదారిని ముంచెత్తి వాహనాలను ఈడ్చుకుపోయింది. ప్రాణనష్టం సంభవించింది. బెంగళూరు మార్గంలో రాకపోకలు స్తంభించాయి. చెరువు పరిధిలోని ఆక్రమణలను 2024 ఆగస్టులో హైడ్రా తొలగించింది. రహదారిని ఎత్తు చేసేటప్పుడు చెరువు అలుగు, కాలువ, తూము దారులను మూయకుండా కాపాడకపోతే, కోట్లు వెచ్చించిన దారి ఒక్క రాత్రిలో తెగిపోతుంది.

తొలుత చేయవలసినవి

* ప్రమాదాలు తరచుగా జరిగే చోట్లను పోలీసు రికార్డుల ఆధారంగా గుర్తించి, పాదచారులకు అక్కడే దాటే ఏర్పాటు చేయాలి. కిలోమీటరు దూరంలో వంతెన కట్టి అక్కడ దాటమంటే ప్రజలు పాటించరు.

* బుద్వేల్, ఉందానగర్ స్టేషన్ల నుంచి ప్రధాన రహదారికి దీపాలతో కూడిన కాలిబాట వేయాలి.

* రైలు వేళలకు అనుగుణంగా విమానాశ్రయానికి, హైకోర్టు ప్రాంగణానికి చిన్న బస్సులు నడపాలి.

* సరుకు లారీలకు, స్థానిక వాహనాలకు వేర్వేరు దారులు, నిలుపుదల స్థలాలు చూపాలి.

* జాతీయ రహదారుల సంస్థ, హెచ్‌ఎండీఏ, పురపాలక, రైల్వే, ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసు అధికారులు ఒకే పటం ముందు కూర్చొని నిర్ణయాలు తీసుకోవాలి.

గుర్తుంచుకోండి

ప్రమాదం జరిగితే అంబులెన్సుకు 108, పోలీసు తదితర అత్యవసర సాయానికి 112, జాతీయ రహదారిపై సాయానికి 1033 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. క్షతగాత్రులను సద్భావంతో ఆదుకున్న వారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పిస్తోంది. వారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు.

విమానం దిగినవారు అరగంటలో నగరం చేరుకోవడం గొప్పే. అయితే బుద్వేల్ బాలిక రోడ్డు దాటి క్షేమంగా బడికి చేరడమూ అంతే ముఖ్యం. పునాదులు పడుతున్న ఈ దశలోనే కాలిబాటకూ చోటు కేటాయిస్తే రెండూ సాధ్యమే.