ఆదివారం మాది అన్నవాళ్లు

రక్షణ అన్న మాట వినగానే మనలో చాలామందికి పైలోకమే గుర్తొస్తుంది. పాపం, క్షమాపణ, చనిపోయాక పరలోకం. క్రైస్తవంలో ఈ అర్థం ఉంది, కాదనలేం. కానీ ఆదికాండం మొదటి అధ్యాయంలో ఇంకో సంగతి కూడా ఉంది. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేసి, భూమి మీద ఏలుబడి అప్పగించాడు. ప్రాచీన మెసొపొటేమియాలో దేవుడి ప్రతిరూపం అనే బిరుదు రాజుకి దక్కేది. ఆదికాండం దాన్ని ఆడామగా అందరికీ పంచేసింది. ఆ లెక్కన రక్షణ అంటే, పోగొట్టుకున్న ఆ గౌరవం, ఆ అధికారం మనిషికి తిరిగి దక్కడం.

పుస్తకంలో చదివితే ఇది అందమైన మాట, అంతే. పందొమ్మిదో శతాబ్దపు ఒంగోలు పల్లెల్లో పెట్టి చూస్తేనే దీని బరువు నాకు అర్థమైంది.

1866లో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. అప్పటికే రాజయోగ సాధకుడు. అంటే ఆధ్యాత్మికత ఆయనకి మిషనరీలు కొత్తగా నేర్పిందేమీ కాదు. ఊళ్లో మనిషిగా నిలబడే చోటే ఆయనకి కరువు. అదే ఏడాది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అని పైకులాలవాళ్లు చెప్పినప్పుడు క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు.

కొత్తగా చేరేవాళ్లకి మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు.

వినడానికి మామూలు మత నియమాల్లాగే ఉన్నాయి కదా? వాటిని ఊరి కట్టుబాట్ల మధ్య పెట్టి చూడండి. రైతులకి చెప్పులు కుట్టాలి, బావుల దగ్గర నీళ్లు తోడే తోలు బొక్కెనలు కుట్టాలి, చచ్చిన గొడ్డుని మోసుకుపోవాలి, జాతరలో డప్పు కొట్టాలి, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాలి. ప్రతిఫలం కళ్లం దగ్గర కొలిచిపెట్టే గింజలు. ఇలా బతికే మనిషి "ఆదివారం రాను" అంటే, ఏడు రోజుల్లో ఒక రోజు తనదని ప్రకటించినట్టే. జాతరకి డప్పు పట్టను అంటే ఊరి పండగే ఆగిపోతుంది. అందుకే కరణాలకీ మునసబులకీ కోపం వచ్చింది. నీళ్లు ఆపారు, పనులు ఆపారు, కొట్టారు. వాళ్లకి ఏసుతో పేచీ లేదు. మాదిగవాడు కాదనడమే వాళ్లు తట్టుకోలేకపోయారు.

"అన్నం కోసం మారారు" అనే మాట ఇప్పటికీ వింటుంటాం. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకున్నాడు. ఆయన ఒకప్పుడు సర్వేయరు, ఆ పని తెలిసినవాడే. వేలమందికి కూలి దొరికింది. అయితే సహాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, నీళ్లలో నిలబడి ఇచ్చారు. నాకు ఆ పెద్ద అంకె కంటే ఈ వివరమే ముఖ్యం. తిరిగి దక్కిన అధికారం నాకు కనిపించేది అక్కడే.

దీన్ని పూర్తి విజయగాథగా చెప్పలేను. మాంసం నియమంలో గౌరవంతోపాటు, తరతరాల తిండి మీద సిగ్గు కూడా వచ్చి కూచుంది. చర్చిలోకి కులం కూడా వెంట నడిచింది. చాలా ఊళ్లలో మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకి షెడ్యూల్డ్ కుల హోదా లేదు. తెలుగు రాష్ట్రాలు వాళ్లని బీసీ-సీలో లెక్కేస్తాయి. ఊరు గుర్తుపెట్టుకున్న కులాన్ని కాగితం మాత్రం మర్చిపోయింది. మనిషిగా నిలబడినందుకు వాళ్ల వారసులు ఇప్పటికీ కడుతున్న వెల ఇది.

ఇంకో సంగతి. 1994లో అదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. డప్పు దాని గుర్తు అయింది. ముత్తాతలు గౌరవం కోసం కింద పెట్టిన డప్పుని మునిమనవలు గౌరవం కోసమే చేతికెత్తుకున్నారు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురని నాకు అనిపించదు. కొట్టాలా వద్దా అన్నది ఊరు చెబితే వెట్టి. ఆ మనిషే చెప్పుకున్న రోజు, రక్షణ అన్న మాటకి ఈ లోకంలో కూడా అర్థం ఉంటుంది.