బొమ్మలగుట్ట సాక్ష్యము

చరిత్ర వ్రాయబూనిన వాడు మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ఈ సంగతి నెవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి, వారికెట్లు తెలిసెను? నేడు కళాశాలలలో పరిశోధన చేయు విద్యార్థులు మన గ్రామములకు వచ్చి గుడిముందరి రాతిని, ఇంటి అటుకమీది కాగితములను, పెద్దల నోటిమాటను అడుగుచున్నారు. మూడును సాక్ష్యములే, కాని మూడింటికి తూకమొక్కటి కాదు.

కరీంనగరు జిల్లా గంగాధర మండలమున కురిక్యాల యొద్ద బొమ్మలగుట్ట యున్నది. దాని బండమీద చక్రేశ్వరీదేవియు, జినమూర్తులును చెక్కబడియున్నవి. అచ్చటనే సంస్కృత కన్నడాంధ్ర భాషలలో నొక శాసనము గలదు. పదవ శతాబ్ది మధ్యభాగమున దానిని చెక్కించినవాడు జినవల్లభుడు. ఇతడు కన్నడమున కాదికవి యనదగిన పంపకవికి తమ్ముడు.

పంపకవి వేములవాడ చాళుక్యరాజగు రెండవ అరికేసరి యాస్థానమున నుండి విక్రమార్జున విజయమును రచించెను. రాజు తనకు ధర్మపురమను అగ్రహారము నిచ్చినట్లు అందు చెప్పికొనెను. ఆ ధర్మపుర మెచ్చటిది? కావ్యమొక్కటియే ఆధారముగా నున్నంతకాలము కొందరు పండితులు దానిని కన్నడదేశమున వెదకిరి. బొమ్మలగుట్ట శాసనము వెలికివచ్చిన పిదప, సబ్బినాటిలోని మన ధర్మపురియే యది యనుటకు బలము చేకూరెను. పుస్తకము దేశములు తిరుగును, బండ యున్నచోటనే యుండును గదా!

అంతమాత్రమున రాతిమాట యంతయు వేదవాక్కని తలపరాదు. శాసనమున తండ్రిపేరు భీమపయ్య, తల్లిపేరు అబ్బణబ్బె. పూర్వుల యూరు వేంగిదేశపు వంగిపర్రు. కావ్యమునందు తండ్రికి వేరొకపేరు కనబడును. తొందరపడు విద్యార్థి ఒకదానిని తప్పని కొట్టివేయును. ఓపికగలవాడు ఒక మనుష్యునికే రెండుపేర్లుండవచ్చునని యోచించును. పండితులును అట్లే తలచిరి. మరియు తమ్ముడు అన్న కవిత్వమును పొగడినచోట ఆ పొగడ్తను తమ్ముని మాటగానే గ్రహింపవలెను. ఊరు, వంశము, దానము చెప్పినచోట మాత్రము ఆ మాటకు విలువ యెక్కువ.

ఈ శాసనమున తెలుగు కందపద్యములు మూడు గలవు. ఇవి నన్నయకు నూరేండ్లు దాపుగా ముందటివి. ఇదే తొలి తెలుగుపద్యమని సభలలో చెప్పువారున్నారు. అది అతిశయోక్తి. క్రీ.శ. 848 నాటి అద్దంకి శాసనమున తరువోజ యున్నది. ఉన్న గౌరవము చాలదా?

రాతిని చదువుట కొక పద్ధతి గలదు. బండను కడిగి, తడికాగితమును పరచి, గట్టి కుంచెతో మోదుదురు. కాగితము అక్షరముల పల్లములలోనికి దిగును. పైన సిరా అద్దినచో నేల నల్లనై యక్షరములు తెల్లగా నిలుచును. ఆ ప్రతిని చదివి పండితులు పాఠమును నిర్ణయింతురు. కరీంనగరు జిల్లా శాసనములను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిష్కరింపగా 1974లో ప్రభుత్వము ప్రకటించెను. విద్యార్థి దానిని చూడక, దానినిగూర్చి యెవరో వ్రాసిన వ్యాసమును మాత్రమే చూచి వ్రాసినచో అది చెప్పుడు సాక్ష్యమగును. భక్తితో సున్నము పూసినను, రంగులు వేసినను అక్షరములు పూడిపోవును. ఇక కాగితమును మోదినను ప్రయోజనముండదు. గుట్టల రాతిని క్వారీలకు తవ్వుచున్న ఈ దినములలో ఇది మీ చేతిలోని పని.

ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలము గుంజాల గ్రామమున గోండుల ప్రత్యేకలిపిలో వ్రాసిన ప్రతులు బయటపడినవి. కాగితములు చేజిక్కినను వానిని చదువగలవారు ఆ యూరి కొద్దిమంది వృద్ధులు మాత్రమే. హైదరాబాదు విశ్వవిద్యాలయమున జయధీర్ తిరుమలరావుగారు మొదలగు పరిశోధకులు ఆ వృద్ధుల సాయమున అక్షరములను గుర్తించిరి. 2018లో ఆ లిపి కంప్యూటరు అక్షరముల ప్రపంచపట్టికయగు యూనికోడ్‌లో చేరినది. ఆ పెద్దలు మరి పదియేండ్లు ముందు గతించియుండినచో ఆ కాగితములను నేడు చదువుట యెవరి తరము?