వెనుక ఇరుసు చెప్పే చరిత్ర

ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోవాలి. బండి చక్రములు ఇరుసు మీద వేటికవే తిరుగుతాయి గనుక ఇబ్బంది లేదు. మోటారు బండిలో మాత్రము ఇంజను శక్తి రెండు చక్రములకూ అందాలి. అయినా అవి వేర్వేరు వేగములతో తిరగగలగాలి. ఈ చిక్కును విప్పిన దంతచక్రముల అమరికయే డిఫరెన్షియల్. 1820ల చివరిలో ఫ్రాన్సులో పెక్కూర్ దీనిని ఆవిరి బండికి యోచించాడు. 1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ మూడు చక్రముల సైకిలుకు వాడాడు.

నిజాం సంస్థానములో 1932లో రైల్వేశాఖ 27 ఆల్బియన్ బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. 1952 అక్టోబరు 2న దేశములో సమాజ వికాస పథకము మొదలయిన తరువాత పల్లెలకు జీపులు వచ్చాయి. సూర్యాపేట నుండి జనగామకు పోయే దారిలోని తిరుమలగిరి వంటి మెట్ట గ్రామాలకు తగిన బండి అదే. పాతబడిన బండికి వెనుక తొట్టి కట్టి పికప్‌గా మార్చుకోవడము, ఒక బండి ఇరుసును మరొక బండికి బిగించడము షెడ్లలో సాధారణమే. కనుక పేరుపలక ఒక చరిత్ర చెబితే, ఇరుసు మరొకటి చెప్పవచ్చును.

ఇరుసును గుర్తించడము ఎట్లా? ముందు వెలుపలి ఆకారము చూడాలి. అమెరికా షెవర్లే అరటన్ను పికప్‌లలో 1954 వరకు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక గొట్టములో దాగి ఉండేది. ఫోర్డు 1957లో తెచ్చిన తొమ్మిది అంగుళాల ఇరుసుకు వెనుక విప్పే మూత లేదు. దంతచక్రాలను ముందువైపు నుండి తీయాలి. డానా 44 ఇరుసుకు వెనుక మూత ఉండి, పది బోల్టులతో బిగించి ఉంటుంది.

ఆకారము ఒకటయినా లోపలి పళ్ళు వేరుగా ఉండవచ్చును. యుద్ధకాలపు సైనిక జీపులో పినియన్‌కు 8, క్రౌన్‌కు 39 పళ్ళు, నిష్పత్తి 4.88. 1945లో పౌరులకై వచ్చిన సి.జె.-2ఎ జీపులో 8, 43, నిష్పత్తి 5.38. ముందు ఇరుసు మొదటి రకము, వెనుక ఇరుసు రెండవ రకము అయితే ఏమగును? నాలుగు చక్రాలకూ శక్తి అందించినప్పుడు ముందు చక్రాలు 100 చుట్లు తిరిగేలోగా వెనుకవి సుమారు 91 చుట్లే తిరుగుతాయి. ఎండిన తారురోడ్డు మీద టైర్లు జారలేవు. ఆ బిగువంతా దంతాల మీద, షాఫ్టుల మీద పడి అవి విరుగును.

మూత విప్పకుండానే నిష్పత్తి తెలుసుకోవచ్చును. ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు చక్రములకు శక్తి పోకుండా లీవరు మార్చాలి. ఈ జీపులలో చేతిబ్రేకు ప్రొపెల్లర్ షాఫ్టునే పట్టి ఉంచును గనుక దానిని వదలాలి. అందుచేత నేల మీద ఉండే మూడు చక్రములకూ ఇరువైపులా అడ్డుకట్టెలు తప్పక పెట్టాలి. ఒక వెనుక చక్రమునే జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి స్టాండు ఉంచాలి.

క్రౌన్ వేగము రెండు చక్రముల వేగాల సగటు. ఒక చక్రము నిలిచి ఉన్నది గనుక, లేపిన చక్రమును రెండు చుట్లు తిప్పితే క్రౌన్ ఒక్క చుట్టే తిరుగును. షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, దాని చుట్లు లెక్కించాలి. ఐదు చుట్లకు కొంచెము తక్కువయితే 39 పళ్ళది; ఐదింటిని దాటి మూడో వంతు పైచిలుకు పోతే 43 పళ్ళది. రెండింటి మధ్య భేదము సరిగ్గా అరచుట్టు. అది కంటికి స్పష్టముగా తెలియును.

సామాను కొనక ముందే ఈ లెక్క చేసుకున్నవాని డబ్బు నిలుచును. సగటు అనే మాటను గణితములో నేర్చిన విద్యార్థికి అది ఇనుములో పనిచేయడము కనిపించును.